మిష్రిఫ్‌లో పారిన యూకాన్

2023 జనవరి 11, బుధవారం. తెల్లవారేసరికి కువైట్‌లోని మిష్రిఫ్ పేట మీద పొగమంచు కమ్మి ఎదురింటి గేటు కూడా కనపడలేదు. మధ్యాహ్నానికి అది విడిపోయి చలిగాలి మిగిలింది. పనిమనిషి సంజీవమ్మ ఎప్పటిలాగే హాల్లో తివాచీలు చుట్టి, సోఫాల కాళ్ల కింద ఇటుకలు సరిచేసింది. నది వచ్చే వేళయింది.

ఆ నది యూకాన్. ఇంటి పెద్దాయన సులైమాన్ కుర్రతనంలో చదువుకని అమెరికా వెళ్లి, చదువు గాలికొదిలి, ఆ ఏటి పొడుగునా బంగారం కోసం తిరిగాడు. ఒక్క రవ్వ దొరకలేదు. భార్య పోయిన ఏడాది నుంచి ఆ నదే ఆయన్ను వెతుక్కుంటూ రావడం మొదలెట్టింది. ముందు గది తలుపు కింద నుంచి దూరి, వంటింటి గుమ్మం దాకా చీలమండ లోతున పారి, పొద్దుగూకే నమాజు వేళకి వెళ్లిపోయేది. కువైట్‌లో మనిషి దేనికైనా అలవాటు పడతాడు. మా రోజుల్లో ఎండ యాభై డిగ్రీలు దాటిందంటే నెలరోజులు చెప్పుకునేవాళ్లం, ఇప్పుడెవరూ తలెత్తి చూడరు. ఇరుగుపొరుగు గులకరాళ్లు మోరీలో పడనీయొద్దని మాత్రం అడిగారు.

కష్టమల్లా సంజీవమ్మది. ఆవిడ రాయచోటి వదిలి నాలుగేళ్లు. చూడని మనవరాలు నడక నేర్చి, మాటలు నేర్చి, ఫోన్లో ఈవిడను "కువైట్" అని పిలుస్తోంది. ఇంటికి పంపమన్నప్పుడల్లా పెద్దాయన కోడలు నఫీసాది ఒకటే జవాబు: "ఆ నీళ్లలో మామయ్యను ఎవరు చూస్తారు? బంగారం దొరకనీ. నది పోతుంది, నువ్వూ పోదువు."

సంజీవమ్మ పుట్టింటివాళ్లు జలగడుగువాళ్లు. కంసాలి అంగళ్ల ముందు దుమ్ము ఊడ్చి, కాలవలో కడిగి, పసిడి రవ్వలు ఏరుకునేవాళ్లు. అందుకే ఆ రోజు ఆయన ఇసుక కడిగే బిర్యానీ పళ్లెం అందుకుని తనే నదిలో కూర్చుంది.

"జరుగు బాబా, నువ్వు పిండి కలిపినట్టు కలుపుతాండావు." అరబ్బీలోనే అంది, యాస మాత్రం రాయచోటిది.

"పోవే! నేనీ పని చేసేనాటికి నువ్వు పుట్టలేదు."

"చేసి ఏం తెచ్చుకుంటివి? ఈ జలుబేగా!"

ఆయన పకపకా నవ్వాడు. ఆ ఇంట్లో ఆయన్ను నవ్వించేది ఆవిడే. ఆవిడతో పనిమాటలు కాక వేరే మాటలు, ఆ ఏటి కబుర్లు, చెప్పేది ఆయనే.

పళ్లెం తిప్పుతుండగా నల్లటి ఇసుక అంచున మెంతిగింజంత పసుపు రవ్వ మెరిసింది. ఆయన పళ్లెం మీదికి వంగాడు. సంజీవమ్మ దాన్ని రెండు వేళ్లతో తీసి, కళ్లకద్దుకుని, "నీది నీకే తల్లీ," అని నీళ్లలోకి విసిరేసింది.

మొదటి రవ్వ గంగమ్మది. పుట్టింట్లో పాలు మరవకముందే నేర్పే మాట అది. చెయ్యి ఆవిడను అడక్కుండానే పని కానిచ్చేసింది. తన ఇంటి దారి కూడా దాంతోపాటే నీళ్లపాలయిందని విసిరాక గానీ తెలియలేదు.

"పిచ్చిదానా! యాభై ఏళ్లు వెతికాను!" ఆయన నీళ్లలో చేతులు పెట్టి తడిమాడు.

"మొదటిది మనం తీస్కోగూడదు బాబా."

"మరెవరిది?"

"ఏటిది."

ఆ సాయంత్రం వెళ్లిన నది మళ్లీ రాలేదు. నఫీసా మాట తప్పే మనిషి కాదు, టిక్కెట్టు తీసింది.

ఆ తర్వాత కూడా ఆయన రోజూ నది కోసం పొడి చలువరాళ్ల మీద చెప్పులు లేని కాళ్లు చాపుకునే కూర్చున్నాడు. ప్రయాణం రోజున మాత్రం సంజీవమ్మ కొంగు పట్టుకుని అడిగాడు: "నిజంగా పసిడేనా అది?"

"మేలిమి బాబా."

కొంగు వదిలేశాడు.

ఎండలు ముదరకముందే ఆయన పోయాడు. మిష్రిఫ్ ఇల్లు పెద్దకొడుక్కి వచ్చింది, వఫ్రాలో ఉన్న తోట చిన్నకొడుక్కి, కారు కూతురికి. ఆయన ఏటి కబుర్లను పంచుకోవాలని ఎవరికీ తోచలేదు, పిల్లలెవరూ వాటిని విననేలేదు. విన్న సంజీవమ్మకు పంపకాల్లో ఏమీ రాలేదు.