తలకిందుల పిందె

దాసప్ప ఎడమచేతి వేలు గ్రాఫు కాగితం మీద జరుగుతోంది, కుడిచేతి సుత్తి అట్ట మీద పడుతోంది. నల్ల గడి ఉన్నచోట చిల్లు, తెల్ల గడి ఉన్నచోట ఏమీ లేదు. బొమ్మలో ఒక్కో వరుసకు ఒక్కో అట్ట; దాని చిల్లులను బట్టే మగ్గం మీద పోగులు లేస్తాయి. ధర్మవరం మగ్గాలకు ముప్పయ్యేళ్లుగా చీర అంచుల అట్టలు ఇలాగే కొడుతున్నాడు. నేసినవాళ్ల పేర్లే ఎవరికీ తెలియవు, ఇక అట్టలు కొట్టినవాణ్ణి అడిగేదెవరు? మెడ వంగిపోయింది. సుత్తి దెబ్బలకు ఎడమ బొటనవేలి గోరు సరిగా మొలవదు.

అతని దిగులు అది కాదు. పదో తరగతి దాకా కూతురు భవాని లెక్కలు చేస్తుంటే పక్కనే కూర్చునేవాడు. హిందూపురంలో డిప్లొమాలో చేరాక ఆ పుస్తకాలు అతనికి కొరుకుడు పడలేదు. బిడ్డ చదువులో తనకిక పాలు లేదని బెంగ.

భవాని అరుగు మీద కూర్చుని, సారు ఇచ్చిన గ్రాఫులు గీసే కాలిక్యులేటరుతో కుస్తీ పడుతోంది. సొంతంగా ప్రోగ్రాం రాసి దానిచేత బొమ్మ గీయించాలి. పది గంటల రైలుకు హిందూపురం పోయి సారుకు చూపించాలి. నాయన కొట్టే అంచులోని మామిడిపిందెనే వరుస వెంట వరుసగా ఎక్కించింది. రెండు రోజులుగా పిందె తలకిందులుగానే వస్తోంది.

"ఏదీ, ఇట్ల తే," అన్నాడు దాసప్ప. కళ్లద్దాలు సర్దుకుని చిన్న తెరను చూశాడు. "ఒకటో వరుస యాడ పెట్టినావు?"

"అడుగునే నాయనా. నువ్వు కొట్టేది అట్లే గదా."

నిజమే. బట్ట అడుగు నుంచే నేస్తారు, ఒకటో అట్ట ఎప్పుడూ పిందె అడుగుదే. ఆ ఇంట పుట్టిన పిల్లకు వేరే లెక్క ఎలా తోస్తుంది?

"ఇది నేసేది కాదు గదమ్మా, రాసేది. రాసేటోళ్లు పైనుంచి కిందికి వస్తారు. దీని ఒకటో వరుస పైన ఉండాదేమో చూడు."

భవాని ఒక్క లైను మార్చింది. చుక్క పక్కన చుక్క చేరి పిందె నిటారుగా నిలబడింది. ఆమె నాయన భుజానికి తల ఆనించి నవ్వింది.

భవాని కాలిక్యులేటరు సంచిలో వేసుకుని వెళ్లిపోయింది. దాసప్ప మరో పిందె అంచు మొదలుపెట్టాడు. రైలు దారిలోని పెనుకొండ చేరే వేళకు పది అట్టలయ్యాయి. వాటిని వరుసగా కుట్టబోయిన భార్య మారక్క ఆగిపోయింది.

"ఏమప్పా, ఒకటో అట్టకే పిందె కొన వచ్చినాది. పైనుంచి కొడతాండావు."

ముప్పయ్యేళ్లలో చేయని తప్పు. బిడ్డ లెక్క తన చేతికి అంటుకుందని దాసప్పకు సిగ్గు కంటే సంతోషమే ఎక్కువైంది. అట్టలు చెడలేదు, వాటి మీద రాసిన వరుస అంకెలు దిద్దితే చాలు. తొమ్మిది అట్టల మీద దిద్దాడు. మిగిలిన ఒకటో అట్టను దిద్దబుద్ధి కాక, దాని బదులు మరొకటి కొట్టాడు.

ఒకటి అని రాసిన ఆ అట్ట, పిందె కొనకు పడ్డ రెండే రెండు చిల్లులతో, గోడ మేకుకు వేలాడుతోంది.