వంగని రెండు గంటలు

మూడేసి మొక్కలు బొటనవేలితో బురదలోకి గుచ్చుతూ నర్సక్క ఒక అడుగు వెనక్కి వేసింది. ఆమె వేస్తే ముఠాలో మిగతా పన్నెండు మందీ వేస్తారు. బుగ్గారం పొలాల్లో నాట్లప్పుడు అదే కట్టడి. పొద్దున దిగినా, పగలు తిని మళ్లీ దిగినా, పాట ఎత్తే మనిషి వంగాకే మిగతా ఆడవాళ్లు వంగాలి. ఇరవై ఏళ్లుగా పాట ఎత్తేది నర్సక్కే.

ఈ వానాకాలం పాట లేదు. గొంతులో మెతుకు అడ్డం పడ్డట్టు ఉండేది. పొద్దున లేస్తే మాట గరగరలాడేది. దిష్టి తగిలిందన్నారు కొందరు, ఎక్కువ పాడి అరిగిందన్నారు కొందరు. గొంతు కాపాడుకోవడానికి ఆమె అల్లం చాయ్ మీద చాయ్ తాగింది. గరగరకు మంట కూడా తోడైంది. మస్కట్‌లో కూలికి పోయిన మొగుడు ఎల్లన్న ఫోన్‌లో ఆ గొంతు విని కంగారుపడ్డాడు.

"ఏడుస్తున్నవా ఏందే?"

"నేనెందుకేడుస్త! గొంతే గిట్లయ్యింది."

చివరికి కోరుట్లలో డాక్టరమ్మ ముక్కులోంచి సన్నటి గొట్టం దింపి చూసింది. కడుపులో ఊరే పుల్లటి నీళ్లు పైకి ఎగదన్ని గొంతును కాలుస్తున్నాయంది. ఛాతీలో మంట లేకపోయినా గొంతు చెడుతుందట. గోలీలు రాసి, చాయ్, కారం తగ్గించమంది. తిన్నాక రెండు గంటలు పడుకోవద్దు, వంగొద్దు అంది.

పడుకోకుండా ఉండొచ్చు. వంగకుండా నాటేదెట్లా? నాలుగు రోజులు పగటి తిండి మానేసి నాటింది. నిన్న కళ్లు తిరిగి బురదలో కూలబడింది.

ఈ రోజు సద్ది విప్పి కడుపునిండా పెరుగన్నం తింది. ఒడ్డు మీద యూరియా సంచి పరుచుకుని నిటారుగా కూర్చుంది.

పొలం ఆసామి జలపతి బండి ఆపి వచ్చాడు.

"ఏందక్కా, పెండ్లికచ్చినట్టు కూసున్నవ్? వంగు."

"ఇప్పుడే తిన్న పటేలా. రెండు గంటలు వంగ. పొద్దుగూకెదాక ఉండి నీ మడి పూర్తి చేసి పోతం."

"నువ్వు కూసో. మిగిలినోళ్లు వంగుండ్రి!"

ఎవరూ కదలలేదు. పక్కనున్న బాలమణి పంట్లో పుల్ల తీసి, "ముందు ఒకలు వంగాలె గద పటేలా. నువ్వే వంగరాదు, నీ ఎనుక మేం వంగుతం," అంది. ఒడ్డంతా నవ్వింది.

జలపతి ముఖం మాడిపోయింది. "గంటసేపట్ల బిహారు కూలోళ్లు దిగుతరు. పాట లేదు, గొంతు లేదు, ఇంకేం జూసి నిన్ను పిలువాలె?"

"నా చేతులు జూసి పిలిచినవనుకున్న." చీలిన గొంతుతోనే అంది నర్సక్క. "పిలుచుకో. వాళ్లు గూడ పొట్టకే అచ్చిండ్రు, వాళ్ల మీద నాకు కోపం లేదు. కని, తిండి మాని మాత్రం నీ మడిల వంగ."

అతను ఫోన్ తీశాడు.

బిహారు కూలీలను తెచ్చే ట్రాక్టరు చప్పుడు వినబడగానే ఆమె కాలువలో కాళ్లు కడుక్కుని గట్టు మీద నడక మొదలుపెట్టింది. బాలమణి లేచింది. ఒక్కొక్కరే లేచారు. వయసులో చిన్నది, లీల ఒక్కతే తల దించుకుని మడిలోకి దిగింది.

"దాన్నేమనకుండ్రి," అంది నర్సక్క.

కాలువ దాటాక పాట ఎత్తింది. మొదటిసారి మాట పగిలింది. రెండోసారి గాలే వచ్చింది. ఆగి, గుటక వేసి, మూడోసారి ఎత్తింది. వెనక పదకొండు గొంతులు అందుకున్నాయి.

ఒడ్డు మీద ఆమె పరుచుకున్న యూరియా సంచి అక్కడే ఉండిపోయింది. కూర్చున్న చోట పడ్డ గుంటలో వాన చినుకులు నిలుస్తున్నాయి.