ఉయ్యాల్లో పొత్రం

అలో, అందరూ బాగుండారా అప్పా? నేను పూతలపట్టు దేవరాజులును.

మా కూతురు మహిత బిడ్డను ఉయ్యాల్లో వేసే దినం. శబ్దం ఎంత గట్టిగా వినపడితే అంత జోరుగా ఊగే మిషను ఉయ్యాల నేనే చేసినాను. బిడ్డకంటే ముందు రుబ్బురోటి రాతి పొత్రం వేసేది మా ఆచారం. ఆడోళ్లు పాట ఎత్తుకోగానే ఉయ్యాల ఎగిరి, పొత్రం పోయి పాయసం గిన్నెలో పడింది!

"బిడ్డను దీంట్లో వేస్తే సూడు!" అనింది నా భార్య భారతమ్మ.

మహిత ఉయ్యాల మిషను ప్రోగ్రాములో ఒక లైను రాసింది. "శబ్దం ఎంతైనా రానీ నాయనా, వేగం నిమిషానికి ఇరవై ఊపులు దాటితే ఇరవైకాడే నిలబడతాది."

భారతమ్మ నమ్మలేదు. పొత్రం కడిగి మళ్లీ వేసి, పక్కనే నిలబడి నన్ను గొంతెత్తి తిట్టింది. ఉయ్యాల నిదానంగానే ఊగింది. అప్పుడు బిడ్డను తానే పడుకోబెట్టింది.

బిడ్డ నిద్రపోయినా తిట్లు ఆగలేదు.

మిషన్లు చేసేవాళ్లకు దీన్ని పంపండప్పా.