కంగారక్క దగ్గు

కంగారక్కకి ఆ పేరు ఊరికే రాలేదు. పాలు పొంగుతాయేమోనని కాగకముందే పొయ్యి ఆర్పేసే మనిషి. ఉద్యోగం చేసినన్నాళ్లూ బస్టాండులో ప్రయాణికుల సామాన్లు దాచే గదిలో కూర్చుంది. పొద్దస్తమానం ఎవరో ఒకరు వచ్చి పెట్టె పెట్టడం, తీసుకోవడం, వెళ్లిపోవడం. "వెళ్లేవాళ్ల వీపులు చూసీ చూసీ నాకు వీపులంటేనే భయం పట్టుకుంది" అని తన మీద తనే జోకు వేసుకునేది. ఇంటికొచ్చిన చుట్టం లేచి నిలబడితే చాలు, "ఇంకో టీ తాగి వెళ్లు" అనేది. ఆవిడ టీ రుచి తెలిసినవాళ్లు ఆ మాటతో మరింత త్వరగా మెట్లు దిగేవాళ్లు.

అలాంటి మనిషింటికి చెల్లెలు రెండ్రోజులుండి పోదామని వచ్చింది. మర్నాడే, జబ్బు పాకుతోంది, ఎక్కడివాళ్లక్కడే ఉండండి, గడప దాటొద్దని ఉత్తర్వు వచ్చింది. లోకమంతా తలుపులు వేసుకుని ఏడుస్తుంటే, వేసుకున్న తలుపు వెనక సంతోషించింది ఆ వీధి మొత్తానికి కంగారక్క ఒక్కతే. ఈ సంగతి బయటపడితే జనం మాస్కులు తీసి మరీ ఉమ్మేస్తారని తెలుసు. అందుకే బాల్కనీలో నిలబడి అందరికంటే గట్టిగా నిట్టూర్చేది.

చెల్లెలు దర్జీ. ఖాళీగా కూర్చుంటే చేతులు దురద పెడతాయి. అక్క అటకమీది పాత మిషను దింపి, దిండు గలీబులన్నీ కత్తిరించి మాస్కులు కుట్టి, కింద వాచ్‌మన్ దగ్గర్నుంచి పైఅంతస్తు ముసలాయన దాకా పంచిపెట్టింది. అక్క మాత్రం చట్టాలు చేసింది. కూరగాయలు సబ్బునీళ్లలో కడగాలి. పేపరు ఇస్త్రీ చేశాకే చదవాలి. ఎవరు దగ్గినా వెనకగదిలోకి వెళ్లి తలుపేసుకోవాలి, వాళ్ల కంచం గడప దగ్గర పెట్టాలి.

"అక్కా, ఈ కూర నురగొస్తోందే!"

"కడుపు కూడా శుభ్రమవుతుంది, మాట్లాడకుండా తిను."

"నువ్వు ఆ పేపరు చదవడం మానెయ్యవే. జబ్బు రాకముందే నీ కబుర్లకే పోయేలా ఉన్నాను."

జ్వరం లేకుండా కూడా వస్తుందట, రుచి తెలిసినా వస్తుందట అని అక్క ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టుకుని చదివేది. నిజానికి తనకీ భయమే. కానీ చెల్లెలు భయపడితే వెళతాననదేమో అన్న ఆశ, ఆ భయం కంటే రెండాకులు ఎక్కువే చదివింది.

చెల్లెలి కూతురికి నెలలు నిండాయి. వేరే ఊళ్లో ఉంటుంది. అల్లుడికి ఆసుపత్రిలోనే పని. ఇంటికి జబ్బు తేకూడదని అక్కడే పడుకుంటున్నాడు. పిల్ల ఒక్కత్తే ఉంది. చెల్లెలు ప్రయాణానికి అనుమతి కోసం దరఖాస్తు పెట్టించింది. అది రాదులే అని అక్క ధైర్యంగా ఉంది. రానే వచ్చింది. మర్నాడు ఒక్కరోజుకే చెల్లుతుంది. పొద్దున్నే కారు వస్తుంది.

తెల్లారింది. చెల్లెలు సంచీ సర్దుతోంది. అప్పుడు కంగారక్క దగ్గింది.

దగ్గు దానంతటది రాలేదు. ఆవిడే రప్పించింది. దగ్గాక ఏమవుతుందో ఆలోచించలేదు. ఆలోచిస్తే కంగారక్క ఎందుకవుతుంది?

చెల్లెలు సంచీ వదిలేసి రెండడుగులు వెనక్కి వేసింది. "అక్కా, లోపలికి నడు."

"ఏ లోపలికి?"

"నువ్వు పెట్టిన చట్టమేగా. వెనకగదిలోకి."

తలుపు పడింది. బయట గడియ కూడా పడింది. మంచం మీద కూర్చుని ఆవిడ తన తెలివికి తనే చెంపలు వేసుకుంది. పక్కన ఉంచుకోవాలనుకున్న చెల్లెలు ఇప్పుడు ఇంట్లోనే ఉంది, తలుపుకి అవతల. ఇంత సంబరానికి ఆమె కారెక్కి వెళ్లినా ఒకటే.

అవతల చెల్లెలు ఫోనులో మాట్లాడుతోంది. "భయపడకు తల్లీ. పెద్దమ్మకి దగ్గొచ్చింది. ఆ గాలి పీల్చి నేను నీ దగ్గరికి ఎలా రాను? పక్కింటావిణ్ణి పిలుచుకో. నొప్పులు మొదలైతే ముందు ఆవిడకి చెప్పు... లేదురా, నేను ఏడవట్లేదు." తర్వాత కుర్చీ జరిగిన చప్పుడు. ముక్కు చీదిన చప్పుడు.

కంగారక్క మంచం మీంచి లేచింది. వెళ్లి తలుపు బాదింది.

"ఏమే! నాకేం లేదు. ఊరికే దగ్గాను."

"ఊరికే ఎవరూ దగ్గరు."

"నువ్వు వెళ్లకూడదని దగ్గానే, పాడు బుద్ధి పుట్టి!"

"నాకు తెలుసక్కా. నన్ను పంపించాలని ఇప్పుడు అబద్ధమాడుతున్నావు. నీకు ఒంట్లో బాగోకపోతే ఎప్పుడు చెప్పావు గనక?"

అబద్ధాన్ని ఇట్టే నమ్మిన మనిషి నిజాన్ని నమ్మనంటోంది. "జ్వరం లేదే, కావాలంటే చూడు!"

"జ్వరం లేకుండా కూడా వస్తుందని చదివింది నువ్వే."

"టీ రుచి తెలుస్తోందే!"

"నీ టీకి రుచెక్కడిది? అయినా రుచి తెలిసినా వస్తుందన్నావుగా."

తను ఇస్త్రీ చేసి చదివిన ప్రతి ముక్కా తిరిగొచ్చి తననే కొడుతోంది. కింద హారను మోగింది. వాచ్‌మన్ కేకేశాడు, "అమ్మా, కారొచ్చింది!"

"వద్దని పంపించెయ్!" అని చెల్లెలు బాల్కనీలోంచి అరిచింది.

అంతే. కంగారక్కకి కంగారు పోయి కోపం వచ్చింది.

"పంపించేస్తావా? బుద్ధుందటే నీకు, అక్కడ పిల్ల గోడల్ని చూస్తూ ఒక్కత్తీ కూర్చుంటే ఇక్కడ నా దగ్గుకి కాపలా కాస్తావా, నేను గడ్డి తిని ఒక దగ్గు దగ్గితే దాన్ని పట్టుకుని వేలాడతావా, ఇంటిల్లిపాదికీ కొలతలు తీస్తావు గానీ సొంత అక్క దొంగ దగ్గు కొలవలేవా, నా గలీబులన్నీ చింపి ఊరందరి ముక్కులకీ కట్టావు, నా ముక్కుకి మాత్రం ఒక్కటీ సరిపోలేదు, దాని పురుడు దాటిపోయాక ఏ మొహం పెట్టుకుని వెళతావే, నేను ఏ మొహం పెట్టుకుని దాని బిడ్డని ఎత్తుకుంటానే, తియ్యవే గడియ, తియ్యకపోతే తలుపు విరగ్గొట్టి నిన్ను నేనే ఎత్తుకెళ్లి ఆ కారులో పడేస్తాను!"

గడియ తీసిన చప్పుడైంది. చెల్లెలు గుమ్మంలో నిలబడి అక్కని ఎగాదిగా చూసింది.

"ఇంతసేపూ ఊపిరి తిప్పుకోలేదు నువ్వు. మధ్యలో ఒక్క దగ్గయినా రాలేదు."

"నేను చెబుతూనే ఉన్నానుగా!"

"అంటే నిజంగానే నాటకమా?" చెల్లెలి గొంతు మారింది. "నా కూతుర్ని అంత ఏడిపించావా?"

కంగారక్క తల దించుకుంది. వేసుకోవడానికి ఒక్క జోకూ దొరకలేదు.

చెల్లెలు బాల్కనీలోంచి కారుని ఆగమని కేకేసి, కూతురికి వస్తున్నానని ఫోను చేసి, సంచీ భుజాన వేసుకుంది. గుమ్మం దగ్గర ఆగింది.

"ఇంకో నాలుగు రోజులు ఉండవే అని ఒక్క మాట అడగొచ్చుగా అక్కా."

"అడిగితే ఉంటావా?"

"ఉండను."

"మరి?"

"అయినా అడిగితే బాగుండేది."

మెట్లు దిగిపోయింది. అనుమతి కాగితం లేనివాళ్లు గేటు దగ్గరికి కూడా రాకూడదు. కంగారక్క బాల్కనీలో నిలబడి చెయ్యెత్తింది. కింద చెల్లెలు పైకి చూడలేదు. డ్రైవరు మాస్కు గడ్డం కిందకి జారిందని అతనికి క్లాసు పీకుతోంది. "ఇది కట్టుకోవయ్యా, కడుపుతో ఉన్న పిల్ల దగ్గరికి వెళుతున్నాను" అంటూ కొత్తది తీసిచ్చింది. అతను కట్టుకునేదాకా కదలనివ్వలేదు. కట్టుకున్నాక ఇంక ఒక్క క్షణం ఆగనివ్వలేదు.

కారు మలుపు తిరిగిపోయింది. కంగారక్క చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. ఎదురు బాల్కనీలవాళ్లు చూస్తున్నారు. దించితే నామర్దా. అందుకని గేటు వేస్తున్న వాచ్‌మన్ వైపు తిప్పి ఊపింది. అతను అటూ ఇటూ చూసి, తనకేనని నమ్మకం కుదిరాక, మొహమాటంగా చెయ్యెత్తి తనూ ఊపాడు.