అంచు పచ్చ

గిన్నెను రెండు చేతులా పట్టుకుని అంతయ్య రేకుల షెడ్డు గుమ్మం దాకా వచ్చాడు. ఎండకు కాస్త వంచి చూశాడు, మళ్లీ నిలబెట్టి చూశాడు. గిన్నెలో ఉన్నది ప్లాస్టిక్ ద్రవం, బెల్లం పాకమంత చిక్కన. ఇప్పుడే వేసిన రంగు ముద్ద అందులో పూర్తిగా కలవక చారలు చారలుగా తిరుగుతోంది. లోపల ట్యూబులైట్లు వెలుగుతూనే ఉన్నాయి. అయినా ఈ మధ్య ప్రతి రంగునూ ఇలా గుమ్మం దాకా మోసుకురావడం ఆయనకు అలవాటైంది. ఎవరైనా అడిగితే, "లోపల ఉడుకపోస్తుంది బిడ్డా, జర గాలికొచ్చిన" అంటాడు.

అది బొత్తిగా అబద్ధం. అంతయ్య కళ్లకు రంగులు ఆనడం లేదు.

ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు, ఇంట్లో బాలవ్వకు కూడా. దసరా ముందు తన తెల్ల చొక్కా బురదనీళ్లలో ఉతికినట్టు కనిపిస్తే, సబ్బు మంచిది కాదని భార్యతో గొడవ పెట్టుకున్నాడు. బాలవ్వ సబ్బు తరఫున గట్టిగా వాదించి, ఆ పూటంతా మాట్లాడటం మానేసింది. తర్వాత ఇంటి గోడ సున్నం మీగడ రంగుకు తిరిగింది. ఆ తర్వాత గ్లాసులో పాలు. పాలు కూడా అలా కనిపించేసరికి తప్పు సబ్బుది కాదని అర్థమైంది. సబ్బు విషయంలో మాత్రం బాలవ్వకు ఇప్పటికీ లొంగలేదు.

కరీంనగర్ ఊరి చివర ఉన్న ఆ షెడ్డులో చేసేవి మెత్తటి ప్లాస్టిక్ బిళ్ళలు. బడిపిల్లల చొక్కాల మీద, టోపీల మీద, బ్యాగుల మీద కుట్టుకునేవి. వేలితో వంచితే వంగి, వదిలితే లేచేవి. యజమాని ఫిలిప్. అతను ఈ పని మొదలుపెట్టిన రోజు నుంచీ రంగులు కలిపేది అంతయ్యే. అంతకు ముందు అంతయ్య ఊళ్లమ్మట తిరిగి గోడల మీద విత్తనాల ప్రకటనలు రాసేవాడు. ఫ్లెక్సీలు వచ్చి ఆయన కుంచెను అటకెక్కించాయి. మస్కట్ పోయి కొన్నాళ్లు కార్లకు రంగు కొట్టి, తిరిగొచ్చాడు. ఎక్కడున్నా గోళ్లలో రంగు లేకుండా అన్నం తిన్న రోజు లేదు. వాళ్ల వాడలో అంతయ్యలు ముగ్గురున్నారు. ఈయన్ను రంగు అంతయ్య అంటారు. ఆ రంగే పోతే ఇక ఏమంటారు?

"ఏం కాకా, గిన్నెను ఎండవెడుతున్నవా?" అని లోపలి నుంచి నర్మద కేకేసింది.

"వస్తున్న తియ్యి" అని అంతయ్య లోపలికి నడిచాడు.

నర్మద పని అచ్చుల్లో రంగు నింపడం. ఇత్తడి పలకలో బిళ్ళ మీది బొమ్మంతా గుంటలుగా, తిరగేసి చెక్కి ఉంటుంది. అక్షరాలు కూడా అద్దంలో చూసినట్టు వెనక్కి నడుస్తుంటాయి. బిళ్ళ మీద ఎత్తుగా కనబడవలసింది అచ్చులో అన్నిటికంటే లోతున ఉంటుంది కాబట్టి ముందు దాన్నే నింపాలి. కలిపిన రంగులోంచి గాలి లాగేసి, బుడగలన్నీ పోయాక, మూతికి సూది బిగించిన సీసాలో పోసుకుని, గుంట అంచు దాటకుండా చుక్క చుక్కగా వదులుతుంది. పలకను వేడి పెనం మీద పెడితే ఆ రంగు గట్టిపడుతుంది. అప్పుడు రెండో రంగు, మళ్లీ పెనం. అన్నీ అయ్యాక బిళ్ళ వెనకభాగం కోసం పైన ఇంకో పొర పోసి, బాగా కాల్చి, నీళ్లు తిరిగే చల్లటి పలక మీదికి మార్చి, పట్టకారుతో ఒక మూల ఎత్తి లాగితే బిళ్ళ చిన్న చప్పుడుతో ఊడి వస్తుంది. ఇన్నేళ్లొచ్చినా అంతయ్యకు ఆ ఊడి రావడం చూడటం ఇష్టం. అచ్చులో వెనక్కి నడిచిన అక్షరాలన్నీ బుద్ధిగా తిరిగి నిలబడి ఉంటాయి.

నర్మద గిన్నె అందుకుని తొంగిచూసి, పుల్లతో ఇంకాస్త తిప్పింది. రోజూ అలాగే తిప్పుతుంది.

ఆ రోజు పని మంథనిలో ఒక ప్రైవేటు బడిది. నీలం మీద తెల్ల దీపం, చుట్టూ అంచు. చాలావరకు అయిపోయింది, మిగిలింది చివరి వాయి. బడికి కొత్తగా వచ్చిన పెద్దసారు గుంటూరు వైపు మనిషి, రంగులు ఫోన్లోనే చెప్పాడు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే ఫిలిప్ అంతయ్యకు వినిపించాడు: "లోపల నీలం, దీపం తెలుపు, అంచు పచ్చ." నీలం కలపడానికి అంతయ్య గుమ్మం దగ్గర చాలాసేపు తిప్పలు పడ్డాడు. పచ్చతో మాత్రం భయం లేదనుకున్నాడు. ఏ డబ్బా ఎక్కడుందో చేతికి తెలుసు. అరలో అన్నిటికంటే చివరిది పచ్చ.

అన్నాలు తిని లేచేసరికి పెద్దసారే బిళ్ళలు తీసుకుపోవడానికి వచ్చాడు. మర్యాదస్తుడు, చెప్పులు బయట విడిచి మరీ లోపలికి అడుగుపెట్టాడు. ఫిలిప్ కుర్చీ వేసి, పెట్టెలోంచి గుప్పెడు బిళ్ళలు తీసి ఆయన చేతిలో పోశాడు. అంతలో ఫోన్ మోగితే మాట్లాడుతూ రోడ్డు వైపు వెళ్లాడు. నర్మద కుళాయి దగ్గర టిఫిన్ డబ్బాలు కడుగుతోంది.

సారు ఒక బిళ్ళను వంచి వదిలాడు, నవ్వాడు, దీపాన్ని వేలితో తడిమాడు. తర్వాత అంతయ్య వైపు తిరిగాడు.

"పని బాగా చేశారండీ. కానీ అంచు పచ్చ వేయమన్నాను కదా?"

"ఏసినం సార్."

"ఎక్కడండీ? ఇది పచ్చ కాదుగా."

అంతయ్య బిళ్ళను చేతిలోకి తీసుకున్నాడు. పచ్చగానే ఉంది. గుమ్మం దగ్గరికి పోయి చూశాడు. పచ్చే. ఎండలోకి దిగి, ఒక కన్ను మూసి, ఇంకో కన్ను మూసి చూశాడు. అప్పుడూ పచ్చే. ఇంత వయసొచ్చినా కళ్లజోడు లేని ఆ పెద్దమనిషి మాత్రం కాదంటున్నాడు. అయితే ఇన్నాళ్లూ దేనికి భయపడ్డాడో అది జరిగిపోయిందన్న మాట. అరలో డబ్బాలు ఎవరో జరిపి ఉంటారు. చెయ్యి వేరేది తీసి ఉంటుంది, ఏది తీసిందో కంటికి తెలియలేదు. పెట్టె నిండా బిళ్ళలు, నర్మద వంచిన మెడ ఎత్తకుండా నింపినవి. అంతయ్య చేతిలోని బిళ్ళను కిటికీ గట్టు మీద పెట్టి గోడకు ఆనుకున్నాడు.

ఫిలిప్ ఫోన్ జేబులో వేసుకుంటూ వచ్చాడు. "ఏమైంది కాకా, గట్ల నిలవడ్డవ్?"

"తప్పు నాదే సేటు." చెప్పాలని అనుకోనిదంతా గడగడా బయటికొచ్చేసింది. "నా కండ్లు పోయినయి. ఇయ్యాల్ల కాదు, దసరా కాడికెల్లి గిట్లనే ఉన్నది. పాలు గూడ తెల్లగ కనవడ్తలేవు. చెప్తె పనికి వద్దంటవని చెప్పలే. గీ సారు బిళ్ళలన్ని ఖరాబు జేసిన. నర్మద తప్పేం లేదు, నేనిచ్చిన రంగే పోసింది."

నర్మద తడి చేతులతోనే పరుగెత్తుకొచ్చి పెట్టెలోంచి ఒక బిళ్ళ తీసి చూసింది.

"ఏం ఖరాబైంది? అంచు పచ్చనే ఉన్నది గద!"

"పచ్చ కాదంటుండు సారు" అన్నాడు అంతయ్య నీరసంగా.

"పచ్చ గాకుంటె ఇంకేంది సారూ ఇది?"

"పసుపు కదమ్మా?" అన్నాడు సారు, ఏం జరుగుతోందో అర్థంకాక. "నేను పచ్చ అన్నాను. ఆకుల రంగు."

ముందు నర్మదకే నవ్వొచ్చింది.

"అయ్యో సారూ, గది ఆకుపచ్చ! వట్టి పచ్చ అంటె గిదే. మా దిక్కు పసుపంటె ముఖానికి రాసుకునేది."

ఫిలిప్ నెత్తి కొట్టుకున్నాడు. "నాదే పొరపాటు సార్. మీరు పచ్చ అనంగనే మా పచ్చనే అనుకున్న."

సారు కుర్చీ కిర్రుకిర్రుమనేలా నవ్వాడు. "మా అమ్మని అడిగితే పచ్చ అంటే చిలకని చూపిస్తుందండీ. పోనీలెండి, ఇవి చిన్న తరగతులకి పంచేస్తాను, పసిపిల్లలకి ముద్దుగా ఉంటాయి. పెద్దవాళ్లకి ఆకుపచ్చవి చేసి పెట్టండి."

అందరూ నవ్వుతున్నా అంతయ్య నవ్వలేదు. నర్మద దగ్గరికి పోయి మెల్లగా అడిగాడు. "అంటే... గిది పచ్చనేనా బిడ్డా?"

"పచ్చనే కాకా. నిమ్మపండు లెక్క ఉన్నది."

అంతయ్యకు ప్రాణం లేచి వచ్చింది. గుమ్మం మీద కూలబడి, తువ్వాల ముఖానికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వాడు. తువ్వాల తీసేసరికి సారు పెట్టె ఆటోలో పెట్టించుకుని వెళ్లిపోయాడు.

కానీ నోరు దాటిన మాట దాటింది. ఫిలిప్ వచ్చి పక్కనే గుమ్మం మీద కూర్చున్నాడు.

"పాలు గూడ తెల్లగ కనవడ్తలేవా కాకా?"

"లేవు."

"మా బాపుకు గిట్లనే ఉండె. కంట్ల పొర. తీపిస్తె సాఫైతది. ఇన్నొద్దులు ఎందుకు దాచినవ్? రేపు నేనే తోలుకపోత దవాఖానకు. తీపించుకోని, జర ఆరాం జేసి రా."

అంతయ్య లోపలికి చూశాడు. నర్మద ఎవరూ చెప్పకుండానే ఆకుపచ్చ డబ్బా దించి, గిన్నెలో ముద్ద వేసి కలుపుతోంది. ఆయన కంటికి అది మబ్బు పట్టిన రంగులా కనిపించింది. సరిగ్గా కుదిరిందో లేదో చెప్పలేడు. చెప్పవలసిన పని కూడా లేదని అప్పుడే తట్టింది. ఛాతీ మీది బరువు ఎవరో దించినట్టు, నెలల తర్వాత నిండుగా ఊపిరి పీల్చుకున్నాడు.

"పొర తీపించుకుంట సేటు. పనికి మాత్రం ఇగ రాను."

"ఎందుకే? కోపమొచ్చిందా?"

"కోపమెందుకు? ఎన్నడు రంగు తప్పుతనో, ఎన్నడు పొమ్మంటరో అని ఒక్క రాత్రి కంటి నిండ పండలే. ఇప్పుడు తప్పకుంటనే పోతున్న. నాకు గంతే చాలు. నర్మద కలుపుతది."

నర్మద పుల్ల కొసన కారుతున్న రంగును గిన్నె అంచుకు గీరింది.

అంతయ్య చేతులు కడుక్కున్నాడు. గోళ్ల సందుల్లోంచి రంగు పోలేదు, పోగొట్టాలని పెద్దగా చూడలేదు కూడా. తువ్వాల భుజాన వేసుకుని, "పోయొస్త బిడ్డా" అన్నాడు.

"పైలం కాకా, చూస్కుంట పో" అంది నర్మద.

ఫిలిప్ బండి మీద దింపుతానంటే వద్దని, రోడ్డు పక్కనే నెమ్మదిగా నడిచి వెళ్లాడు. మూల తిరిగేదాకా నర్మద గుమ్మంలో నిలబడి చూసింది. తర్వాత వేడి పెనం స్విచ్ వేసి, అచ్చు పలక తుడిచి పెట్టుకుంది. పడమటి ఎండ కిటికీలోంచి లోపలికి దిగింది. గట్టు మీద ఆయన పెట్టి మరిచిపోయిన బిళ్ళ అలాగే ఉంది, నీలం మీద తెల్ల దీపం, దాని చుట్టూ ఎక్కడా చెదరని పచ్చ అంచు.