పంతొమ్మిదో గడిలో సున్నా

ఫోన్ చెయ్యడమంటే నాకు భయం. పరీక్షలంటే భయం లేదు, లెక్కలంటే అంతకన్నా లేదు, చీకటినీ బల్లుల్నీ కూడా పెద్దగా లక్ష్యపెట్టను. మొహం తెలియని మనిషికి ఫోన్ చేసి "అండీ, నేను ఫలానా" అనాలంటే మాత్రం నాలుక పిడచకట్టుకుపోతుంది. అలాంటి నేను వేసవి సెలవుల్లో ఎనిమిది వారాలు కంపెనీల పన్నులు చూసే ఆఫీసులో ఇంటర్న్‌షిప్‌కి చేరాను. తీరా చూస్తే అక్కడ నాకిచ్చిన పనిలో ముప్పావు వంతు ఫోన్లే.

నన్ను చూసుకునే సీనియర్‌ని అందరూ నెమ్మది మేడమ్ అనేవాళ్ళు, ఆవిడ ఎదురుగా కాదులెండి. మాట నెమ్మది, నడక నెమ్మది, ఆఖరికి కాగితం తిప్పడం కూడా నెమ్మదే. చేరిన రోజే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక పట్టిక చూపించింది. ఏ కంపెనీ పన్ను రిటర్ను తయారుచెయ్యాలన్నా ముందు ఆ కంపెనీ అకౌంటెంటుని అడిగి నింపాల్సిన పట్టిక అది. ముప్పై ఒక్క ప్రశ్నలు, ఒక్కోదాని పక్కన ఒక గడి.

"గడి ఖాళీగా ఉంటే ఇంకా అడగలేదని అర్థం. సున్నా ఉంటే, అడిగావు, వాళ్ళు లేదన్నారు అని అర్థం. రెండూ ఒకటి కాదు," అంది. "నీ సున్నాని నమ్మి నేను సంతకం పెడతాను. సరేనా?"

బుద్ధిగా తలూపాను. అప్పటిదాకా నాకు తెలిసిన సున్నా గుండు సున్నా ఒక్కటే, మార్కులు రానివాళ్ళకి వేసేది. దానికింత పరువుందని ఆ రోజే తెలిసింది.

ఎనిమిదో వారం చివర నా గురించి ఆవిడ ఒక కాగితం రాయాలి. అందులో "తీసుకోవచ్చు" అని ఉంటే చదువైపోగానే ఆ ఆఫీసులో ఉద్యోగం నాది. లేకపోతే లేదు, అంతే సంగతి. అమ్మ బట్టలు కుడుతుంది. ఈ మధ్య సూదిలో దారం ఎక్కించాలంటే నన్ను పిలుస్తోంది, నేను ఇంట్లో లేకపోతే నేనొచ్చేదాకా మిషను ఆగిపోతోంది. అయినా కొలతలివ్వడానికి వచ్చిన ప్రతి మనిషికీ "మా అమ్మాయికి ఉద్యోగం ఖాయమైపోయినట్టేనండీ, వచ్చే ఏడాది నుంచి నేనింక కుట్టను" అని చెప్పేసింది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది వరస. వద్దమ్మా, ఇంకా ఏమీ తేలలేదు అంటే వినదు.

ఏడో వారంలో అట్టపెట్టెలు చేసే ఒక కంపెనీ నా చేతికొచ్చింది. దాని అకౌంటెంటు పెద్దాయన. మా ఆఫీసులో ఆయన ముద్దుపేరు కందిరీగ. ఆ పేరు విన్నాక రెండు రోజులు ఫోన్ ముట్టుకోలేదు. మూడో రోజు, ఇంక తప్పదని చేశాను.

"ఇంకా ఎన్నున్నాయమ్మా?" పద్దెనిమిదో ప్రశ్న దగ్గర ఆయన విసుక్కున్నాడు. "నీ ప్రశ్నలు తప్ప నాకు వేరే పని లేదనుకున్నావా?"

పంతొమ్మిదోది ఇది: డైరెక్టర్ల బంధువులకు కంపెనీ నుంచి చెల్లింపులేమైనా వెళ్ళాయా? మీ యజమాని డబ్బు తన చుట్టాలకి పంచుతున్నాడా అని, అసలే మండిపడుతున్న మనిషిని అడగడం ఎలా? ముందున్న పాత పట్టికలు చూశాను. కిందటేడు సున్నా, అంతకుముందు ఏడూ సున్నా. ఇరవయ్యో ప్రశ్నకి దూకేశాను. ఫోన్ పెట్టేశాక పంతొమ్మిదో గడిలో సున్నా చుట్టాను. అర సెకను కూడా పట్టలేదు.

గురువారం మధ్యాహ్నం మేడమ్ ఆ పట్టిక ముందేసుకుంది. వేలు ఒక్కో గడి మీదుగా దిగుతూ వచ్చి పంతొమ్మిది దగ్గర ఆగింది.

"ఇది అడిగావా?"

"అడిగాను."

ఆవిడ వెంటనే తల దించుకోలేదు. నా వైపు కాసేపు చూసింది. లేదు మేడమ్, అడగలేదు అనడానికి బోలెడంత సమయం ఇచ్చింది. నేను తేలు కుట్టిన దొంగలా నోరు మెదపలేదు. ఆవిడ అడుగున పొట్టి సంతకం పెట్టి, రిటర్ను మర్నాడు పన్నెండింటికి పంపేద్దామంది.

ఇంటికెళ్ళాక అన్నం సహించలేదు. అమ్మ నుదురు ముట్టుకు చూసింది. "జ్వరమేం లేదే. ఎవరైనా ఏమన్నా అన్నారా?" ఎవరూ ఏమీ అనలేదన్నాను. అదొక్కటీ నిజమే. నాకు నా మీదే అసహ్యం వేసింది. ఉద్యోగం పోతుందేమోనని ఒక భయం, సున్నా తప్పని తేలితే సంతకం పెట్టిన మేడమ్ గతేమిటని ఇంకో భయం. రెండూ కలిసి నన్ను కూర్చోనివ్వలేదు, పడుకోనివ్వలేదు.

శుక్రవారం తొమ్మిదింటికి ఆఫీసు మెట్ల మీద నిలబడి కందిరీగకి ఫోన్ చేశాను. తొందరలో ఒక అంకె తప్పి, ముందు ఎవరికో వెళ్ళిపోయింది. రెండోసారి ఆయనే ఎత్తాడు. ప్రశ్న గబగబా చదివేశాను.

"ఇది మొన్న అడగలేదే నువ్వు?"

"లేదండీ. భయమేసి వదిలేశాను."

"నేనంటేనా?"

"మీ గొంతంటే."

ఆయన నవ్వాడు. నేను అనుకోలేదు నవ్వుతాడని. "ఉన్నాయమ్మా," అన్నాడు. "యజమాని బావమరిదికి నెలనెలా సలహా ఫీజని వెళ్తుంది. ఐదేళ్ళయింది."

"మరి ప్రతి ఏడూ లేవని చెప్పారు కదండీ?"

"నేనెప్పుడు చెప్పాను? అడగందే అమ్మయినా పెట్టదు. ఆ మాట నన్ను ఇప్పటిదాకా అడిగిన మనిషి లేడు. నువ్వే మొదటిదానివి."

ఒక్క పరుగున లోపలికి వెళ్ళాను. బీరువాలోంచి పాత ఫైళ్ళు తీశాను. ప్రతి ఏడాది పట్టికలోనూ పంతొమ్మిదో గడిలో సున్నా ఉంది. ఒకరి సున్నా చూసి ఇంకొకరు వేసుకుంటూ వచ్చారు. అన్నిటికన్నా పాతది ఐదేళ్ళ కిందటిది. దాన్ని ఎవరు నింపారో రాసే చోట ఉన్న పొట్టి సంతకం నేను నిన్ననే చూసిన సంతకం.

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. చెబితే నా అబద్ధం బయటపడుతుంది, దాంతోపాటు నా కాగితం రాయాల్సిన మనిషి తప్పు కూడా. చెప్పకపోతే ఎవరికీ ఏమీ తెలియదు, కందిరీగ తనంతట తను చెప్పే మనిషి కాదు. పదిన్నర దాకా ఫైళ్ళు ఒళ్ళో పెట్టుకుని బీరువా పక్కనే కూర్చున్నాను. మధ్యలో ఒకసారి వాటిని మళ్ళీ లోపల పెట్టేశాను కూడా. ఆ మాట దాచడం ఎందుకు?

చివరికి వెళ్ళి చెప్పాను. నిన్న అబద్ధమాడానని ముందు చెప్పాను, తర్వాత బావమరిది సంగతి, ఆ తర్వాత మాట రాక పాత ఫైలు తెరిచి ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ తన సంతకం వైపు చాలాసేపు చూసింది. మొహం పాలిపోయింది. ఎవరికైనా చెప్పావా అని అడుగుతుందనీ, ఈ ఫైలు ఉన్నచోట పెట్టెయ్యమంటుందనీ అనుకున్నాను. ఆవిడ కలం తీసి నా సున్నా కొట్టేసింది. ఫైళ్ళన్నీ చంకలో పెట్టుకుని ఆఫీసు పెద్దసారు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. పన్నెండు దాటింది, రిటర్ను వెళ్ళలేదు. ఒంటిగంటకి బయటికొచ్చి తన పనిలో పడింది.

ఎనిమిదో వారం ఆఖరి రోజు పిలిచి కాగితం నా చేతికిచ్చింది. పనిలో చురుకు అని ఉంది. తప్పు తనే బయటపెట్టింది అని ఉంది. "తీసుకోవచ్చు" అని మాత్రం లేదు.

"నిజం నేనే చెప్పాను కదా మేడమ్?"

"చెప్పావు. అదీ రాశాను."

నాకు ఒళ్ళు మండింది. పోయే ఉద్యోగం ఎలాగూ పోయిందనుకున్నానేమో, అనకూడనిది అనేశాను. "మీరు కూడా అడక్కుండానే సున్నా వేశారు. మీ ఉద్యోగం ఉంది కదా."

ఆవిడకి కోపం రాలేదు. "వేశాను. ఆ మాట పెద్దసారుతో చెప్పాను. పాత రిటర్నులన్నీ సరిచెయ్యాలి, వాటి మీద నా సంతకం ఇక చెల్లదన్నారు. కానీ ఇది అడిగావా అని అప్పుడు నన్నెవరూ అడగలేదు. నిన్ను నేను అడిగాను."

అన్యాయమని అరవాలనుకున్నాను, అరవడానికి అందులో అన్యాయం కనబడలేదు. ఏడుపొచ్చింది, ఆవిడ ముందే ఏడ్చేశాను. ఓదార్చలేదు, లేచి వెళ్ళనూ లేదు. నేను ఆపేదాకా అక్కడే కూర్చుంది.