సున్నాలో ఏడుగురు

చెయ్యాల్సిన పనులు:

మూడేళ్ల పన్ను కాగితాలు తెప్పించాలి. ప్రభుత్వం పంపినవే కావాలి, మన దగ్గరున్న నకళ్లు పనికిరావు.
గ్యారేజీ నుంచి ఉద్యోగ పత్రం. జీతం, చేరిన తేదీ ఉంటే చాలు. మంచివాడు, నిజాయితీపరుడు అని రాయక్కర్లేదు, ఎవరూ అడగలేదు.
ఆరు నెలల జీతం చీటీలు. మార్చి నెలది అమ్మ బెర్బెరె కారం పొట్లానికి వాడేసింది. మళ్లీ అడగాలి.
అత్త పుట్టిన తేదీని మన క్యాలెండరు నుంచి వీళ్ల క్యాలెండరులోకి మార్చి, అన్ని కాగితాల్లో ఒకేలా ఉందో లేదో చూడాలి.
అత్తకు పోలీసు పత్రం.
పోషణ హామీ ఫారం నింపించాలి.
దాని మీద నాన్న సంతకం.

ఈ జాబితా రాసి ఫ్రిజ్‌కి అంటించింది నేనే. చివరి పనికి ఒక నిమిషం పడుతుందనుకున్నాను. ఐదు నెలలు పట్టింది.

నా పేరు తిర్సిత్. మా నాన్న గెబెయెహు వాషింగ్టన్ నడిబొడ్డున ఒక ఆఫీసు భవనం కింద, భూమిలో మూడంతస్తుల లోతున, ఇరవై రెండేళ్లుగా కార్లు పెట్టి తీసే పని చేస్తున్నాడు. మేముండేది నదికి ఇవతల అలెగ్జాండ్రియాలో. మా ఇంట్లో కాలేజీ చదివిన మొదటి మనిషిని నేను. అందుకని ఇంగ్లీషులో వచ్చిన ప్రతి కాగితమూ నా చేతికే వస్తుంది.

రావాల్సింది మా అత్త, నాన్నకు అక్క. పేరు ఎతగెన్. తోబుట్టువు దొరికింది అని ఆ పేరుకు అర్థం. "అది మా అక్క పేరు కాదు, నా అదృష్టం పేరు" అంటాడు నాన్న. వాళ్ల అమ్మా నాన్నా పోయేనాటికి ఆయనకు ఏడేళ్లు, ఆమెకు పందొమ్మిది. మా దేశంలో, సొంత ఊరు దెబ్రె తాబోర్‌లో ఇంటి ముందు కర్ర పాతి, దానికి డబ్బా బోర్లించి, బార్లీ బీరు కాచి అమ్మింది. ఆ డబ్బా చూసి వచ్చినవాళ్లు తాగి వెళితే, ఆ డబ్బుతో నాన్న బడికి వెళ్లాడు. పెళ్లి సంబంధాలు వచ్చేవట. "నా తమ్ముడు కూడా నాతోనే వస్తాడు" అని ఆమె అనగానే వచ్చినవాళ్లు మళ్లీ కనిపించేవారు కాదట.

ఆమె కోసం నాన్న అర్జీ పెట్టినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. మా వంతు వచ్చిందని ఉత్తరం అందినప్పుడు ఇరవై నాలుగు. నాన్న ఫోనులో ఆ మాట చెప్పిన వారానికే అత్త బీరు కాచే కుండలు, మంచం, కోళ్లు పక్కవాళ్లకు పంచేసింది. పదిహేనేళ్లు ఆగిన మనిషి, ఇంకో వారం ఆగలేకపోయింది.

ఇక్కడి ప్రభుత్వం అడిగే ప్రశ్న ఒక్కటే: ఈమె వస్తే మాకు భారం కాదనడానికి రుజువేమిటి? నాన్న సంపాదన, కట్టిన పన్నులు, ఇంట్లో తలలెన్ని, అన్నీ ఒక ఫారంలో రాసి సంతకం పెట్టాలి. ముగ్గురున్న ఇంటికి నాన్న సంపాదన చాలు. అమ్మ, నాన్న, అత్త. నేను వేరే చోట గది అద్దెకు తీసుకుని ఉంటున్నాను. నేనూ పక్కన సంతకం పెడతానంటే, నాన్న వినలేదు. "నువ్వు ఉద్యోగంలో చేరి నాలుగు నెలలు కాలేదు తల్లీ. మా అక్కను నేనే పిలుచుకుంటా" అన్నాడు.

ఫారం నింపించడానికి అమ్మా నాన్నా ఒక శనివారం గెత్నెత్ దగ్గరికి వెళ్లారు. కొలంబియా పైక్ రోడ్డు మీద ఇంజెరా రొట్టెలు అమ్మే కొట్టుకు పైన ఆయన గది. పన్నులు, అనువాదాలు, విమాన టిక్కెట్లు, పెళ్లి వీడియోలు అని నాలుగూ ఒకే బోర్డు మీద ఉంటాయి. ఆ రోజు ఆసుపత్రి ల్యాబులో నాకు డ్యూటీ. నేనూ వెళ్లి ఉంటే ఈ కథ ఉండేది కాదు. అక్కడ జరిగింది అమ్మ తరవాత అభినయించి మరీ చెప్పింది.

"గాషే గెబెయెహు," అన్నాడట గెత్నెత్, తెర మీంచి చూపు తిప్పకుండా. పెద్దవాళ్లను మేం గాషే అనే పిలుస్తాం. "నీ చేతి తిండి తినేవాళ్లు ఎంతమంది?"

"ఇక్కడా, అక్కడా?"

"అంతా కలిపి చెప్పెయ్, గాషే. వెనక లైను చూడు."

నాన్న వేళ్లు మడవడం మొదలుపెట్టాడు. అమ్మ మోచేత్తో పొడిచింది. "మా అమ్మను మరిచిపోయావు."

"మరవలేదే, చెయ్యి మారుస్తున్నా."

చెయ్యి మార్చి, మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టి, "ఏడుగురు" అన్నాడు.

"ఏడుగురా! దేవుడు నీకు ఆయుష్షివ్వాలి" అని గెత్నెత్ ఏడు అంకె నొక్కాడు. మూడు వందల యాభై డాలర్లు తీసుకున్నాడు.

ఆరు వారాలకు జవాబొచ్చింది. మీ ఇంట్లో మొత్తం పదిమంది అని రాశారు, మీ సంపాదన అందులో సగానికి కూడా చాలదు. పైగా పన్ను కాగితంలో మీ మీద ఆధారపడినవారు సున్న, ఇక్కడ ఏడు. ఏది నిజమో వివరించండి.

ఆ కాగితం చేత్తో పట్టుకుని నేను వంటింట్లో నిలబడిపోయాను. ఏది నిజమా? రెండూ నిజమే! ఆ ఏడుగురికీ నాన్న నెలనెలా డబ్బు పంపుతాడు. ఎప్పుడో ఒకసారి, వాళ్ల పేర్లు చెబితే పన్ను తగ్గుతుందా అని ఇదే గెత్నెత్‌ని అడిగాడు. "వాళ్లు ఈ దేశంలో లేరు గాషే, లెక్కలోకి రారు" అన్నాడు. సరే అని పూర్తి పన్ను కట్టాడు. ఒక్క ఏడాది కూడా ఎగ్గొట్టలేదు. ఇప్పుడు అక్కను తెచ్చుకుంటానంటే, లెక్కలోకి రాని ఆ ఏడుగురే కంచాలు పట్టుకుని ఆయన ఇంట్లో కూర్చున్నారట. జీవితంలో అబద్ధమాడని మనిషిని వివరించమంటున్నారు.

గెత్నెత్‌కి ఫోను చేశాను.

"గాషే గెత్నెత్, మీరు అడగాల్సింది పన్ను కాగితంలో రాసుకున్నవాళ్ల సంగతి కదా?"

"అదే అడిగాను. మీ నాన్న ఊరంతా చెప్పాడు."

"ఊరంతా చెబితే మీరు టైపు కొట్టేశారా?"

"అమ్మాయ్, లేని పిల్లల పేర్లు చెప్పేవాళ్లు రోజూ వస్తారు నా దగ్గరికి. వాళ్లను పట్టుకోవడం నాకు తెలుసు. ఉన్నవాళ్లందర్నీ చెప్పిన మనిషిని ఇప్పుడే చూశా. నేనేం చెయ్యను చెప్పు?"

"మూడు వందల యాభై వెనక్కివ్వండి."

"ఫోను సరిగ్గా వినపడట్లేదు" అని పెట్టేశాడు.

సరే, దిద్దుకుంటే పోతుంది కదా అనుకున్నాను. కొత్త ఫారం తెచ్చాను. ఆదివారం చర్చి నుంచి వచ్చాక, అమ్మ కాఫీ గింజలు వేయిస్తుండగా, నాన్న ముందు పెట్టాను.

"ఇక్కడ సున్న వేసి, కింద సంతకం చెయ్యి నాన్నా."

"సున్నంటే?"

"ఎవరూ లేరని."

"ఎవరూ లేరా?"

"ఉన్నారు. కానీ వాళ్లు అడిగేది ఆ అర్థంలో కాదు."

"మరి ఏ అర్థంలో?" కళ్లజోడు పెట్టుకుని చదివించుకున్నాడు. సంతకం పైన ఉన్న వాక్యం రెండుసార్లు చదివించుకున్నాడు. "నేను రాసినదంతా నిజమని ప్రమాణం చేస్తున్నాను, కాకపోతే శిక్షకు సిద్ధం. ఇదేగా? పైన ప్రమాణం, లోపల అబద్ధం, కింద నా పేరు. నేను పెట్టను."

"ఇది అబద్ధం కాదు నాన్నా!"

"నా చేత్తో ఎవరూ లేరని రాస్తే ఇంకేమంటారు?"

అమ్మ పెనం ఊపడం ఆపి ఇటు తిరిగింది. "గ్యారేజీలో 'రెండే నిమిషాలు సార్, మీ కారు వచ్చేస్తోంది' అని ఇరవై రెండేళ్లుగా చెబుతున్నావే, అదంతా నిజమేనా?"

"కారు వచ్చేది కదే!"

"అయితే ఇదీ అంతే అనుకో. ముందు సున్న వెయ్యి, మనుషులు తరవాత వస్తారు."

నవ్వలేదు నాన్న. లేచి వెళ్లిపోయాడు. ఆ వారం పెట్టలేదు, ఆ నెలా పెట్టలేదు. నేను బతిమాలాను, అరిచాను, చర్చి పెద్దలతో చెప్పించాను. ఆయన మీద నాకు కోపం వచ్చిందనుకున్నాను. నిజానికి నా కోపం ఆ గడి మీద. వేలి గోరంత గడి. అందులో ఒక అంకె మాత్రమే పడుతుంది. ఎవరికి, ఎందుకు, ఎన్నేళ్లుగా అని రాయడానికి చోటుండదు. బీరు అమ్మి తమ్ముణ్ని పెంచిన పిల్లను మాత్రం ఆ సంపాదనకు రుజువేదని ఎవరూ అడగలేదు. ఆమె భారమవుతుందా కాదా అన్నదే వీళ్ల బెంగ. ఆమె ఎంత మోసిందో రాసే గడి ఏ ఫారంలోనూ లేదు.

నాలుగో నెలలో ఒక శనివారం పొద్దున అత్తే ఫోను చేసింది. స్పీకరులో పెట్టాం.

"ఏమైందిరా తమ్ముడూ? కుర్చీ కూడా ఇచ్చేశాను. నీళ్ల డబ్బా మీద కూర్చుని మాట్లాడుతున్నా."

"ఎతీయే అక్కా, వాళ్లు నిన్ను రానివ్వాలంటే నేను మీ అందర్నీ కాగితంలోంచి కొట్టెయ్యాలట. ఎవరికీ ఏమీ పెట్టడం లేదని సంతకం చెయ్యాలట."

అటు పక్క అత్త గొంతు పెద్దదైంది.

"నీకు తిండి పెట్టినన్నాళ్లూ నేను ఎక్కడైనా రాశానురా?"

"లేదు."

"రాయలేదని నీ కడుపు నిండలేదా?"

నాన్న ఫోను కాస్త దగ్గరికి లాక్కున్నాడు.

"సున్న పెట్టరా, గాడిదా. నాకు నడుం నొప్పెడుతోంది."

అలా ఒప్పుకున్నాడు. కానీ ఒక షరతు పెట్టాడు. గడిలో సున్న వేస్తాడు, వెనక ఒక కాగితం జోడిస్తాడు. అందులో ఏడుగురి పేర్లూ ఉంటాయి. "చదివేవాడు మనిషే కదా. సున్నా చూశాక ఇదీ చూస్తాడు. అప్పుడు నేను అబద్ధమాడినట్టు కాదు." రెండు రోజులు కూర్చుని మా భాష అమ్హారిక్‌లో, గుండ్రటి అక్షరాలతో, ఒక్క కొట్టివేత లేకుండా రాశాడు. నేను దాన్ని ఇంగ్లీషులోకి మార్చాలి.

మార్చాను. మా చర్చి హాల్లో నెలకోసారి డబ్బు తీసుకోకుండా సలహా చెప్పే లాయరమ్మకు చూపించాను. ఆమె చదివి కళ్లు తుడుచుకుంది. తరవాత కాగితం నా చేతిలో పెట్టి, "ఇది పంపావంటే మళ్లీ అదే ప్రశ్న వస్తుంది. మళ్లీ ఐదు నెలలు. మీ అత్త వయసెంత?" అంది.

అరవై ఎనిమిది.

ఫారం స్కాన్ చేశాను, పన్ను కాగితాలు చేశాను, జీతం చీటీలు చేశాను. ఆ ఒక్క కాగితం బల్ల మీదే ఉండిపోయింది. సాయంత్రం నాన్న అడిగాడు, "అది పెట్టావా తల్లీ?"

"పెట్టాను నాన్నా."

ఆ వ్యవహారం మొత్తంలో అబద్ధం ఒక్కటే. అది చెప్పింది చదువుకున్న నేను.

ఈసారి ప్రశ్నలేవీ రాలేదు. ఇంటర్వ్యూకి పిలిచారు, వీసా ఇచ్చారు. మేలో అత్త విమానం దిగింది. తెల్లటి పత్తి శాలువా, చేతిలో ఒకే సంచీ. నాన్న ఆమె మోకాళ్లు ముట్టుకోబోతే, నెత్తి మీద ఒకటి వేసి, "సంతకం పెట్టడానికి అయిదు నెలలట్రా!" అంది. అప్పుడు అత్తా, నాన్నా, అమ్మా ముగ్గురూ ఏడ్చారు.

ఆ ఆదివారం ఇంటికి చుట్టాలొచ్చారు. నాన్న అందరికీ అదే చెప్పాడు, "మొదట కాదన్నారు. పేర్లన్నీ వివరంగా రాసి పంపాను. చదివారు. మనుషులే కదా, చదివితే అర్థమవుతుంది." గెత్నెత్ కూడా వచ్చాడు. మాంసం వేసిన ఇంజెరా ముద్ద నోట్లో పెట్టుకుని తలూపాడు. నేను కాఫీ కప్పులు కడిగే నెపంతో లోపలికి వెళ్లిపోయాను.

ఇప్పటికీ నాన్న అలాగే నమ్ముతున్నాడు. ఏదో ఒక ఆఫీసులో, ఏదో ఒక అల్మారాలో, ఆ ఏడు పేర్లూ ఉన్నాయని. ఎవరో ఒకరు వాటిని చదివారని. ఎవరూ చదవలేదు. ఆ కాగితం నా సొరుగులో ఉంది. చదవాల్సిన వాళ్లకు అది అక్కర్లేదు కాబట్టి, ఇక్కడ రాస్తున్నాను.

ఒకటి, ఎతగెన్ వొందిము, మా అక్క. ఆమెను రప్పించడానికే ఈ ఫారం.
రెండు, నా భార్య తల్లి. మందులకు.
మూడు, మా పినతండ్రి కొడుకు చనిపోయాడు, అతని భార్య.
నాలుగు, ఆమె కూతురు. నర్సు చదువు, రెండో ఏడు.
అయిదు, నాకు అక్షరాలు నేర్పిన గురువుగారు. ఇప్పుడు కళ్లు కనపడవు.
ఆరు, మేం ఊళ్లో లేనప్పుడు మా అమ్మా నాన్నల సమాధులు చూసుకునే ముసలాయన.
ఏడు, వర్కినేష్ కెబ్బెదె. దెస్సీ ఊరు. చుట్టరికం: ఏమీ కాదు. ఆమె కొడుకు నాతో కలిసి గ్యారేజీలో పదకొండేళ్లు పనిచేసి, ఒక మంగళవారం కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. ఆ నెల నుంచీ అతను పంపే యాభై డాలర్లు నేను పంపుతున్నాను.

మొదటి ఆరుగురికీ గుర్తుంచుకునేవాళ్లున్నారు. అత్తయితే ఇప్పుడు మా వంటింట్లో ఉల్లిపాయలు సరిగ్గా తరగడం రాదని నన్ను తిడుతోంది. ఏడో ఆమెకు మా నాన్న తప్ప ఎవరూ లేరు. ఆమె పేరును ఆ కట్టలోంచి తీసేసింది నేను. వర్కినేష్ కెబ్బెదె. మాకు ఏమీ కాదు. ఆ పేరు దయచేసి మీరు గుర్తుంచుకోండి.